నయాపూల్ మీద పాత లెన్సూ కొత్త లెన్సూ: పోల్చి చూడటం ఎలా?

హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ నుంచి మూసీ మీది నయాపూల్ వంతెన ఎక్కి పడమర దిక్కుకు తిరిగి నిలబడితే కుడివైపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి, ఎడమవైపు గట్టున హైకోర్టు కనిపిస్తాయి. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద ఈ ఒడ్లను ఊడ్చిపెట్టాక లేచిన కట్టడాలివి. హైకోర్టు 1920లో తెరుచుకుంది, ఆసుపత్రి 1925కి పూర్తయింది. రెండింటి రూపకల్పనలోనూ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేయి ఉంది. గుమ్మటాలు, వాటి పక్కన చిన్న ఛత్రీలు, జాలీ పనితనం, వరస కమానులు, పిట్టగోడల నిటారు అంచులు, ఆకాశానికి అడ్డంగా నల్లటి తీగలు. లెన్సును పరీక్షించేవాళ్లు గోడకు అంటించుకునే చార్టులో ఏమేం ఉండాలో అవన్నీ ఇక్కడ రాతిలో, సున్నంలో ఉన్నాయి. అందుకే కొత్తగా ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నవాళ్లు లెన్సులు ఎలా పోల్చాలని అడిగితే నయాపూల్‌కు వెళ్లమంటాను.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలామందికి వస్తోంది. నాన్న కాలపు కెమెరా బీరువాలో దొరుకుతుంది. లేదా పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్‌లో తక్కువ ధరకు ఒక పాత 50 ఎంఎం లెన్స్ కంటపడుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాకు ఒక అడాప్టర్ పెడితే అది పనిచేస్తుంది కూడా. "పాత గాజులో ఉన్న అందం కొత్తవాటిలో లేదు" అని ఒకరంటారు, "పాతవన్నీ మసక" అని ఇంకొకరంటారు. రెండూ నమ్మకండి. పాతది, కొత్తది అనే తరగతులను పోల్చలేం. మీ చేతిలో ఉన్న ఈ పాత లెన్స్, ఈ కొత్త లెన్స్, ఫలానా ఎపర్చర్ దగ్గర, ఫలానా పనికి ఎలా ఉన్నాయన్నది మాత్రం ఒక ఉదయం, ఒక సాయంత్రం పెడితే తేల్చుకోవచ్చు.

ముందు ఇంట్లో: పాత లెన్స్ ఒంట్లో బాగుందా?

ఫంగస్ పట్టిన లెన్సును కొత్త లెన్సుతో పోల్చి "పాతవి ఇంతే" అనుకోవడం పాత లెన్సుకు చేసే అన్యాయం. గదిలో లైట్లు ఆపి, లెన్స్ ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకవైపు నుంచి ఫోన్ టార్చ్ కొంచెం వాలుగా వేయండి. ముందువైపు నుంచి చూడండి. నేరుగా కాదు, పక్కనుంచి.

సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. హైదరాబాద్ వానాకాలంలో తోలు సంచిలో మూసిపెట్టిన లెన్సులకు ఇది మామూలే. గాజంతా పలచటి పొగమంచు పట్టినట్టుంటే దాన్ని హేజ్ అంటారు. లోపలి గ్రీజు ఆవిరై గాజు మీద పేరుకోవడం వల్ల తరచుగా వస్తుంది. లెన్స్ అంచున ఇంద్రధనుస్సు రంగుల మరక కనిపిస్తే రెండు గాజులను అతికించిన బంక విడిపోతోందని అర్థం. దుమ్ము రేణువులు నాలుగైదు ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఫొటోలో వాటి జాడ కూడా ఉండదు. ముందు గాజు మీద ఒక సన్నగీత ఉన్నా అంతే. వెనక గాజు మీద గీత అలా కాదు, అది వెలుగుకు ఎదురుగా తీసినప్పుడు బయటపడుతుంది. వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది హేజ్. టార్చ్ లేకుండా చూస్తే కనిపించదు, కానీ ప్రతి ఫొటో మీదా తెల్లటి పొర కప్పుతుంది.

తర్వాత ఎపర్చర్ రింగు తిప్పి, రేకులు చురుగ్గా మూసుకుంటున్నాయా చూడండి. నూనె కారిన రేకులు ఆలస్యంగా మూసుకుంటాయి. హీలియోస్ 44-2 లాంటి రష్యన్ లెన్సుల్లో రెండు రింగులుంటాయి. ఒకటి ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయిస్తుంది, రెండోది నిజంగా మూస్తుంది. ఈ సంగతి తెలియక ఎఫ్ 8లో పెట్టామనుకుని ఎఫ్ 2లోనే తీసేవాళ్లున్నారు. పాత పెంటాక్స్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 రకాల్లో కొన్నిటికి గాజు పసుపుపచ్చగా మారి ఉంటుంది. ఆ గాజులో థోరియం కలిపారు, ఏళ్లు గడిచేకొద్దీ అది రంగు తిరుగుతుంది. కొన్నాళ్లు ఎండ తగిలేలా పెడితే చాలావరకు తగ్గుతుంది.

ఏ లెన్సుతో ఏది?

రెండింటి ఫోకల్ లెంగ్త్ ఒకటే ఉండాలి, కెమెరా ఒకటే ఉండాలి. పాత 50ని కొత్త 50తోనే పోల్చాలి, కొత్త జూమ్‌తో కాదు. జూమే ఉంటే దాన్ని సరిగ్గా 50 దగ్గర నిలిపి తీయండి, ఫలితం రాసుకునేటప్పుడు అది జూమ్ అన్న మాట కూడా రాసుకోండి. పాత లెన్సును పాత ఫిల్మ్ కెమెరాలో, కొత్తదాన్ని డిజిటల్‌లో తీసి పోలిస్తే మీరు చూస్తున్నది ఫిల్మ్‌కూ సెన్సర్‌కూ తేడా.

అడాప్టర్ దగ్గర ఒక చిన్న లెక్క తెలియాలి. లెన్స్ బిగించే చోటు నుంచి ఫిల్మ్ లేదా సెన్సర్ దాకా ఉండే దూరం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఎం42 మరలు ఉన్న పాత లెన్సులకు అది 45.46 మిల్లీమీటర్లు. కెనాన్ ఈఎఫ్‌కు 44, నికాన్ ఎఫ్‌కు 46.5. మిర్రర్‌లెస్‌లో చాలా తక్కువ: సోనీ ఈకి 18, కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20, నికాన్ జెడ్‌కు 16. కాబట్టి మిర్రర్‌లెస్ కెమెరాకు దాదాపు ఏ పాత లెన్సయినా ఒక ఖాళీ గొట్టం లాంటి అడాప్టర్‌తో సరిపోతుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు మాత్రం ఎం42 లెన్స్ పెడితే దూరంగా ఉన్నదానికి ఫోకస్ అందదు. అందాలంటే అడాప్టర్‌లో అదనంగా ఒక గాజు ఉండాలి, ఆ గాజు నాసిరకమైతే మీరు పరీక్షించేది దాన్నే. ఇంకో జాగ్రత్త: 1977కు ముందరి నికాన్ లెన్సులను మార్పు చేయించకుండా చాలా నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు బిగిస్తే కెమెరా మౌంట్ దగ్గరి చిన్న మీట విరిగే ప్రమాదముంది.

చౌక అడాప్టర్లు ఒక్కోసారి వెంట్రుకవాసి వంకరగా ఉంటాయి. ఆ వంకరే ఫొటోలో ఒక పక్క మసకగా కనిపిస్తుంది, నింద లెన్స్ మీద పడుతుంది. దాన్ని పట్టుకునే పద్ధతి కిందకు వెళ్లాక చెబుతాను.

ఎప్పుడు, ఎక్కడ నిలబడాలి?

పొద్దున్నే వెళ్లండి. ట్రాఫిక్ కోసమే కాదు, ఎండ ముదిరాక మూసీ మీది గాలి మరుగుతున్నట్టు కదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలు దాటితే అవతలి గుమ్మటం అంచులు అలలుగా కనిపిస్తాయి. అప్పుడు ఏ లెన్సుతో తీసినా మసకే. వాన వెలిసిన మర్నాటి ఉదయం దొరికితే అంతకంటే మంచి రోజు లేదు, దుమ్ము కడిగేసి ఉంటుంది.

మంచి వెలుగంటే మండే ఎండ కాదు, నిలకడగా ఉండే వెలుగు. మబ్బులు వచ్చిపోయే రోజు వద్దు, ఒక లెన్సుకు ఎండా ఇంకోదానికి నీడా పడితే పోలిక చెడిపోతుంది. నిండు ఎండలో ఇంకో చిక్కుంది. ఐఎస్‌ఓ 100లో ఎఫ్ 1.8 దగ్గర సుమారు 1/8000 సెకను షట్టర్ కావాలి, చాలా కెమెరాలు 1/4000 దగ్గరే ఆగిపోతాయి. సూర్యుడు అప్పుడే పైకి వస్తున్న వేళ ఆ ఇబ్బంది ఉండదు. పైగా తూర్పు వెలుగు మీ వెనకనుంచి వచ్చి భవనాల మీద పడుతుంది.

ఇక ట్రైపాడ్. వంతెన నడిమధ్యలో పెట్టకండి. ఆర్టీసీ బస్సు వెళ్లిన ప్రతిసారీ వంతెన వణుకుతుంది, కాళ్లకు తెలియదు కానీ కెమెరాకు తెలుస్తుంది. కావాలంటే లైవ్‌వ్యూలో పది రెట్లు పెద్దది చేసి ఆసుపత్రి ఛత్రీ మీద ఆపి, బస్సు వచ్చేదాకా వేచి చూడండి. తెర మీద ఛత్రీ కిందికీ పైకీ జలదరిస్తుంది, బస్సు దాటిన కొన్ని క్షణాలకు గానీ నిలవదు. వంతెన మొదట్లో, నేల గట్టిగా ఉన్నచోట, జనం నడకకు అడ్డం కాకుండా కాళ్లు పరవండి. వాహనాల మధ్య ఖాళీ చూసి షట్టర్ నొక్కండి.

హైకోర్టు గేట్ల వైపు, భద్రతా సిబ్బంది వైపు కెమెరా తిప్పకండి. లోపల తీయాలంటే అనుమతి కావాలి. ఆసుపత్రికి వచ్చిపోయే రోగులనూ ఫ్రేములో పెట్టకండి. పోలీసులు అడిగితే ఏం చేస్తున్నారో చెప్పండి, తీసిన ఫొటో చూపించండి. ఫుట్‌పాత్ మీద సరుకు పరుచుకునేవాళ్లుంటే ముందే ఒక మాట అడగండి. "భయ్యా, అరగంట ఇక్కడ నిలబడతా" అంటే కాదనేవాళ్లు తక్కువ.

కెమెరా సెట్టింగులు

రా ఫైల్ పెట్టండి. ఐఎస్‌ఓ 100. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, ఎండ గుర్తు మీద నిలపండి, లేకపోతే రెండు లెన్సుల రంగుల తేడాను కెమెరా తనంతట తానే సరిదిద్దేస్తుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయండి. సెల్ఫ్ టైమర్ రెండు సెకన్లు. మోడ్ మాన్యువల్.

ఎఫ్ 1.8 లేదా ఎఫ్ 2 నుంచి మొదలుపెట్టి 2.8, 4, 5.6, 8, 11, 16 దాకా వెళ్లండి. ఎపర్చర్ ఒక స్టాప్ మూసినప్పుడల్లా షట్టర్ సమయం రెట్టింపు చేయాలి. రెండు లెన్సుల మీదా ఎఫ్ 4 అనే రాసి ఉన్నా లోపలికి వచ్చే వెలుగు కచ్చితంగా సమానం కాకపోవచ్చు. అందుకని అంకెలు కాకుండా హిస్టోగ్రామ్ చూసి, రెండు ఫొటోలూ ఒకే వెలుగులో ఉండేలా షట్టర్ సర్దండి. కొంచెం వెలుగెక్కువైన ఫొటో ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, కన్ను అక్కడ మోసపోతుంది.

పాత లెన్స్ తన ఎపర్చర్ ఎంతో కెమెరాకు చెప్పదు. ఇంటికెళ్లి చూస్తే అన్ని ఫైళ్లూ ఒకేలా ఉంటాయి. చిన్న పుస్తకంలో ఫైల్ నంబరు, ఎపర్చర్ రాసుకుంటూ వెళ్లండి. లేదా ప్రతి ఎపర్చర్‌కు ముందు ఆ అంకె రాసిన కాగితాన్ని ఒక ఫొటో తీయండి.

ఫోకస్: సగం పరీక్ష ఇక్కడే చెడుతుంది

పాత లెన్సు మీద ఇన్ఫినిటీ గుర్తు దగ్గర రింగు ఆపి "దూరంగా ఉందిగా, చాలు" అనుకోకండి. అడాప్టర్లు చాలావరకు కాస్త పలచగా చేస్తారు, రింగు చివరిదాకా తిప్పితే ఫోకస్ ఇన్ఫినిటీని దాటిపోతుంది. లైవ్‌వ్యూలో పది రెట్లు పెంచి, ఆసుపత్రి గుమ్మటం పక్క ఛత్రీ స్తంభం మీద నిలిపి, రింగును వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ అంచు తేటపడే చోట ఆపండి. ఫొటో తీయండి. ఫోకస్ చెడగొట్టి, మళ్లీ మొదటినుంచి కుదిర్చి ఇంకోటి తీయండి. ప్రతి ఎపర్చర్‌కూ ఇలా మూడు తీసి, అన్నిటికంటే తేటగా ఉన్నదాన్నే పోలికకు ఉంచండి. కొత్త లెన్సుకూ ఇదే పద్ధతి. దాన్ని ఆటోఫోకస్‌కు వదిలేసి పాతదాన్ని చేత్తో తిప్పితే పోలిక సమానం కాదు.

కొన్ని పాత లెన్సుల్లో ఎపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ తనే కొంచెం జరుగుతుంది. కాబట్టి ఎఫ్ 2లో కుదిర్చిన ఫోకస్‌తో ఎఫ్ 4 తీయకుండా, ఎఫ్ 4లోనే మళ్లీ కుదర్చండి.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చూడండి, మీరు దేన్ని వెతుకుతున్నారో తెలుస్తుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. 50 ఎంఎం లెన్సుతో 100 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని తీస్తే ఒక్కో పిక్సెల్‌లో పడేది 12 మిల్లీమీటర్ల మేర. అంటే బొటనవేలు పట్టే జాలీ రంధ్రం ఒకటి రెండు పిక్సెళ్లకు మించదు. ఆ రంధ్రం రంధ్రంగా కనిపిస్తోందా, బూడిదరంగు మచ్చగా కరిగిపోతోందా అన్నదే మీరు తేల్చాల్సింది.

ఏమేం తీయాలి?

మొదటిది, నడిమి భాగం. ఛత్రీ స్తంభాలు, కింది కమాను అంచులు ఫ్రేము మధ్యకు వచ్చేలా తీయండి.

రెండోది, మూలలు. ఇది ముఖ్యం. అదే ఛత్రీని ఫ్రేము పై ఎడమ మూలకు తెచ్చి, అక్కడే ఫోకస్ కుదిర్చి తీయండి. తర్వాత కుడి పైమూల, కింది రెండు మూలలు. మధ్యలో ఫోకస్ చేసి మూలలు మసక అనడం సరికాదు. చాలా లెన్సులకు ఫోకస్ తలం సపాటుగా ఉండదు, గిన్నెలా వంగి ఉంటుంది. మూలకు ఫోకస్ ఇస్తే మూల తేటగా వస్తుంటే లెన్సులో లోపం ఆ వంపు ఒక్కటే. నాలుగు మూలల్లో ఒకటి మాత్రం మిగతావాటికంటే బాగా మసకగా ఉంటే గాజు గానీ అడాప్టర్ గానీ వంకరపోయిందని అర్థం. ఏదో తెలియాలంటే అదే అడాప్టర్‌కు ఇంకో పాత లెన్స్ పెట్టి చూడండి. మసక అదే మూలలో ఉంటే అడాప్టర్ మార్చండి.

మూలల పరీక్షకు భవనం కంటే దుకాణం బోర్డు ఇంకా బాగుంటుంది. వంతెన దిగి, అఫ్జల్‌గంజ్‌కు అవతలి ఒడ్డున ఉన్న మదీనా చౌరస్తా వైపు నడవండి. ఒకే బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపులూ ఉన్నది ఒకటి వెతకండి, ఆ దారిలో అవి కొల్లలు. రోడ్డుకు ఇవతలినుంచి ఆ బోర్డు ఫ్రేము మూలలో చిన్నగా పడేలా తీయండి. ఉర్దూలో 'షీన్' అక్షరం మీద మూడు చుక్కలుంటాయి. మంచి కొత్త లెన్స్ ఎఫ్ 1.8లోనూ మూల దగ్గర ఆ మూడు చుక్కలను మూడుగానే చూపిస్తుంది. చాలా పాత లెన్సుల్లో ఎఫ్ 2 దగ్గర మూడూ కలిసిపోయి ఒక తోకచుక్కలా సాగుతాయి. ఎఫ్ 4 దగ్గర రెండుగా విడివడతాయి, ఎఫ్ 8 దగ్గర మూడూ బయటికొస్తాయి. పక్కనే తెలుగులో 'ష్ట్ర' లాంటి ఒత్తు దొరికితే అదీ అంత పనికొస్తుంది, కింది ఒత్తు వంపు విడిగా కనిపించాలి. ఏ కంపెనీ చార్టుకూ తీసిపోని గీటురాయి ఈ బోర్డు. ఎవరైనా ఒక్క చూపులో ఫలితం చదవగలరు.

మూడోది, రంగుల అంచులు. అఫ్జల్‌గంజ్ వైపు తల ఎత్తితే కరెంటు తీగలు, కేబుల్ తీగలు తెల్లటి ఆకాశం మీద నల్లగా ఉంటాయి. లెన్సు పూర్తిగా తెరిచి తీయండి. తీగకు ఇరుపక్కలా ఊదా, ఆకుపచ్చ అంచులు కనిపిస్తే రకరకాల రంగుల వెలుగు ఒకేచోట చేరడం లేదన్నమాట. పాత లెన్సుల్లో ఇది సర్వసాధారణం. కొత్తవాటిలో చాలావాటికి దీన్ని అణచడానికి రంగులను తక్కువగా విడదీసే ఈడీ గాజు వాడతారు.

గీతల వంపు, మూలల చీకటి చూడటం తేలిక. వంతెన పిట్టగోడ అంచు ఫ్రేము పై అంచుకు సమాంతరంగా వచ్చేలా ఒకటి, మబ్బుపట్టిన ఆకాశాన్ని ఒకటి తీస్తే చాలు.

సాయంత్రం మళ్లీ రండి. సూర్యుడు పడమర వాలుతాడు కాబట్టి ఉదయం వెనకనుంచి వచ్చిన వెలుగు ఇప్పుడు ఎదురుగా ఉంటుంది. సూర్యుణ్ని ఫ్రేము అంచుకు కాస్త బయట ఉంచి రెండు లెన్సులతోనూ తీయండి. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని చూడకండి, కంటికి ప్రమాదం. తెర మీదే చూడండి. పాతా కొత్తా తేడా అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది ఇక్కడే. పాత లెన్సులో గుమ్మటాల నీడభాగం నల్లగా ఉండాల్సింది బూడిదగా తేలిపోతుంది, రంగులు వెలిసిపోతాయి, ఫ్రేముకు అడ్డంగా గుండ్రటి వెలుగు మచ్చలు పడతాయి. లెన్స్ హుడ్ పెట్టి ఒకసారి, లేకుండా ఒకసారి తీయండి. హుడ్ ఒక్కటే పాత లెన్సును ఎంత బాగు చేస్తుందో చూశాక అది లేకుండా మీరు బయటికి వెళ్లరు.

చీకటి పడ్డాక వీధి దీపాలు. ఒక దీపాన్ని మధ్యలో, ఒకదాన్ని మూలలో ఉంచి పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌లో తీయండి. మంచి లెన్సులో మూల దీపం కూడా చుక్కలానే ఉంటుంది. పాతదాంట్లో రెక్కలు చాచిన పక్షిలా విచ్చుకుంటుంది, దాన్నే కోమా అంటారు. ఎఫ్ 11కు మూసి తీస్తే దీపం చుట్టూ కిరణాలు వస్తాయి. రేకుల సంఖ్య సరిసంఖ్య అయితే అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు.

ఇంటికొచ్చాక చూడటం

కొత్త లెన్సులకు కెమెరాలూ సాఫ్ట్‌వేర్లూ గీతల వంపు, మూలల చీకటి, రంగుల అంచులు తామే సరిదిద్దేస్తాయి. కొన్నిట్లో ఆ సవరణ రా ఫైల్‌తో పాటే వచ్చేస్తుంది. గాజును గాజుతో పోల్చాలంటే ఆ సవరణలు ఆపి ఒకసారి చూడండి. ఉపయోగంలో ఏది మెరుగో చూడాలంటే ఆపకుండా ఇంకోసారి చూడండి. షార్పెనింగ్ రెండింటికీ ఒకేలా పెట్టాలి, లేదా పూర్తిగా తీసేయాలి.

100 శాతం పెద్దది చేసి రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టండి. ఇంకో మంచి పద్ధతి: ఫైళ్ల పేర్లు మార్చి, ఏది ఏదో తెలియని స్నేహితుడికి చూపించి వరసలో పెట్టమనండి. డబ్బు పెట్టి కొన్న లెన్స్ మీద మన కన్ను పక్షపాతం చూపుతుంది.

ఆ తర్వాత 100 శాతం నుంచి బయటికి వచ్చి, మీరు నిజంగా చూసే సైజులో చూడండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. వెలుగు వెనక్కి తిరగకుండా లెన్స్ గాజుకు కోటింగ్ వేయడమన్నది అప్పటికి వాడుకలో లేదు. అయినా ఆయన తీసిన హైదరాబాద్ చిత్రాల్లో రాతి చెక్కడాలు ఇవాళ్టికీ ఆశ్చర్యపరిచేంత స్పష్టంగా ఉన్నాయి. కారణం లెన్స్ ఒక్కటే కాదు. ఆ కాలంలో పెద్ద గాజుపలక మీద తీసి, కాగితాన్ని దానికి ఆనించి అదే సైజులో ముద్ర దించేవారు. పెద్దది చేయాల్సిన పని లేదు కాబట్టి లెన్స్ లోపం పెద్దది కాలేదు. ఇప్పుడు మనం 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ మీద పడ్డ బొమ్మను తెరంత పెద్దది చేసి చూస్తున్నాం, పాత లెన్స్ తయారైననాడు ఎవరూ దానికి పెట్టని పరీక్ష ఇది. ఫోన్ తెర మీద, ఏ4 ప్రింటులో చూస్తే ఎఫ్ 5.6 దగ్గర తీసిన రెండు ఫొటోల్లో ఏది ఏదో చెప్పడం కష్టమని మీకే తెలుస్తుంది.

ఫలితాలు అలా ఎందుకు వస్తాయి?

పాత 50 ఎంఎం లెన్సుల్లో చాలావాటి మూలం ఒక్కటే. జర్మనీలో జైస్ కంపెనీకి పాల్ రుడాల్ఫ్ 1896లో రూపొందించిన ప్లానార్. ఎపర్చర్‌కు ఇరువైపులా దాదాపు అద్దంలో బొమ్మలా అమర్చిన ఆరు గాజులు. 1970ల నాటి నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8లో కూడా ఐదు గుంపులుగా ఆరు గాజులే. 2018లో వచ్చిన నికాన్ జెడ్ 50 ఎంఎం ఎఫ్ 1.8లో తొమ్మిది గుంపులుగా పన్నెండు గాజులున్నాయి.

అన్ని గాజులు పాతవాళ్లు ఎందుకు పెట్టలేదు? గాలీ గాజూ కలిసే ప్రతి ఉపరితలం దగ్గర, కోటింగ్ లేకపోతే సుమారు 4 శాతం వెలుగు వెనక్కి తిరుగుతుంది. ఐదు గుంపులకు పది ఉపరితలాలు, మూడోవంతు వెలుగు పోతుంది. తొమ్మిది గుంపులకు పద్దెనిమిది, సగానికి పైగా పోతుంది. పోయిన వెలుగు ఊరికే పోదు, లోపల గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని నీడలను బూడిదరంగు చేస్తుంది. సాయంత్రం వంతెన మీద మీరు చూసిన పొర అదే. జైస్‌లో అలెగ్జాండర్ స్మాకులా 1935లో కోటింగ్ పద్ధతి కనిపెట్టారు, 1970ల్లో ఒకటికి మించి పొరలు వేయడం మామూలైంది. ఆ కోటింగుల వల్లే పన్నెండు గాజుల లెన్స్ సాధ్యమైంది. కొత్త లెన్స్ మూలల్లోనూ తేటగా ఉండటానికీ, ఎదురు వెలుగును తట్టుకోవడానికీ వెనకున్న కథ ఒక్కటే.

ఎపర్చర్ మూసేకొద్దీ పాత లెన్స్ ఎందుకు బాగుపడుతుందంటే, అంచుల్లోంచి వచ్చే వంకర కిరణాలను రేకులు ఆపేస్తాయి. ఎఫ్ 8 దగ్గర రెండూ దాదాపు సమానం కావడం మీరు చూస్తారు. ఎఫ్ 16కు వెళ్తే రెండూ కలిసే దిగజారతాయి. సన్నటి రంధ్రంలోంచి వెళ్లే వెలుగు తనంతట తాను విచ్చుకుంటుంది. ఎఫ్ 16 దగ్గర ఒక చుక్క సుమారు 21 మైక్రాన్ల వెడల్పు అవుతుంది, అంటే ఇందాకటి లెక్కలో మూడు పిక్సెళ్లకు మించి. దానికి పాతా కొత్తా తేడా లేదు, ఎంత ఖరీదైన లెన్సూ దాన్ని తప్పించుకోలేదు.

దేనికి ఏ లెన్స్?

మదీనా చౌరస్తాలో సాయంత్రపు చాయ్ దుకాణం వెలుగులో ఒక మనిషి ముఖం తీయాలంటే నేను పాత లెన్సునే తీసుకుంటాను. ఎఫ్ 2 దగ్గర వెలుగు అంచుల చుట్టూ పలచగా పరుచుకోవడం, వెనక దీపాలు మెత్తగా కరిగిపోవడం ముఖానికి నప్పుతాయి. పరీక్షలో అది లోపమే, కానీ ఎంత మేర లోపమో కొలిచి తెలుసుకున్నారు కాబట్టి ఎక్కడ వాడుకోవాలో కూడా తెలుస్తుంది.

భవనాలకు మాత్రం నా సలహా మరొకటి. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాననీళ్లు వచ్చాక దాన్ని ఖాళీ చేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. హైకోర్టుకు రాజేంద్రనగర్‌లో కొత్త భవనం కోసం 2024 మార్చిలో పునాదిరాయి వేశారు. నయాపూల్ నుంచి కనిపించే ఈ రెండు గట్లూ రాబోయే ఏళ్లలో ఎలా మారతాయో చూడాల్సిందే. వాటి ఇప్పటి రూపాన్ని, ఏ జాలీ ఎక్కడ విరిగిందో, ఏ ఛత్రీ మీద మొక్క మొలిచిందో నమోదు చేయడానికి ఫొటో తీస్తుంటే మూలమూలకూ తేటగా ఉండే లెన్స్ కావాలి. ఆ పనికి కొత్తది ఎఫ్ 5.6లో, అది లేకపోతే పాతదే ఎఫ్ 8లో, హుడ్‌తో, ట్రైపాడ్ మీద. ఎఫ్ 8 దగ్గర మీ పాత లెన్స్ మూలలు కూడా బోర్డు చుక్కలను విడదీయగలిగితే ఈ పని కోసం కొత్తది కొనక్కర్లేదు.

తీసిన పరీక్ష ఫొటోలను పారేయకండి. తేదీ, వేళ, నిలబడిన చోటు, లెన్స్, ఎపర్చర్ ఒక ఫైల్‌లో రాసి రా ఫైళ్లతో కలిపి రెండు చోట్ల దాచండి. పాత లెన్సును శుభ్రం చేయించినా, అడాప్టర్ మార్చినా, అదే చోటికి వెళ్లి అదే ఛత్రీని అదే వేళకు మళ్లీ తీయండి. వానాకాలం మొదలయ్యేలోపు లెన్సులను తోలు సంచిలోంచి తీసి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొట్లాలు రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.